లైన్ ఇళ్లు పడగొడతామంటే బాడుగకున్నవాళ్లు ఏం చేయొచ్చు: మా కొర్లగుంట అనుభవం

మీ వీధిలో పది గదుల లైన్ ఇంటిని పడగొట్టి యాత్రికులకు రోజుబాడుగ రూములు కడతామంటున్నారు, అందులో ఉన్న కూలీ కుటుంబాలు అక్కడే ఉండడానికి ఏదైనా దారి ఉందా అని అడిగారు. మేం అదే పడ్డాం, అందుకే రాస్తున్నా.

తిరుపతి కొర్లగుంటలో ఎనిమిది గదుల లైనులో పెరిగాను. రేకుల కప్పు, వరసగా ఎనిమిది తలుపులు, చివర రెండు బాత్రూములు, అందరికీ ఒకటే మోటారు. మా అమ్మ బస్టాండు దగ్గర లాడ్జిలో గదులు శుభ్రం చేసేది, తెల్లారి నాలుగున్నరకే నడుచుకుంటూ పోయేది. పక్కన పూలు కట్టే అక్క, ఆ పక్కన టిఫిన్ సెంటర్ మాస్టరు, చివర తాపీపని చేసే బేల్దారి అన్న. అందరికీ పని నడిచిపోయే దూరంలోనే. రేణిగుంట వైపు పోతే చవగ్గా దొరుకుతాయి కదా అని చాలామంది తేలిగ్గా అనేస్తారు. మా లైను నుంచి ఒక కుటుంబం అట్లాగే పోయింది. బాడుగ 800 తగ్గింది కానీ ఆటోలకు అంతకంటే ఎక్కువ అయ్యేది, పైగా ఆ చీకట్లో ఆటో దొరక్క ఆ ఇంటామె రెండు నెలలకే పని మానేసింది.

నేను చూసినంతలో ఇట్లాంటి ఇళ్లు చేజారేది రెండు సందర్భాల్లో: ఓనరు పెద్దావిడ కాలం చేసి పిల్లలు పంచుకునేటప్పుడు, పైకప్పు కారడం మొదలైనప్పుడు. మాకు రెండూ ఒకేసారి వచ్చాయి. ఓనరు అవ్వ చనిపోయిన ఏడాదిలోనే 2021 నవంబరు వానలు వచ్చాయి. గదుల్లో మోకాళ్ల లోతు నీళ్లు, నీళ్లు తీశాక జానెడు బురద. కొడుకులు వచ్చి చూసి, "దీనికి రిపేరు ఎవరు చేయిస్తారు, పడగొట్టేస్తాం, సంక్రాంతికి ఖాళీ చేయండి" అన్నారు.

మా చేతిలో కాగితం లేదు. రాతకోతలు లేకుండా నెలనెలా బాడుగకుండే వాళ్లకు 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ఇచ్చే నోటీసు గడువు 15 రోజులే. గొడవకు దిగితే నిలవలేమని ముందు అర్థం చేసుకున్నది బేల్దారి అన్న. గదిగదికీ తిరిగి ఏ రేకు మార్చాలి, ఏ గోడకు పూత కావాలి, ఎన్ని బస్తాల సిమెంటు పడుతుంది అంతా పిల్లల నోటుబుక్కులో రాసుకున్నాడు. తడిసి ఉబ్బిన పుస్తకం అది, పెన్ను కూడా సరిగా పడలేదు. అది పట్టుకొని ఎనిమిది ఇళ్ల వాళ్లం పెద్దకొడుకు ఇంటికి పోయాం. సామాను మీరు తెప్పించండి, కూలి మేం పెట్టుకుంటాం, బాడుగ ఏటా 150 మేమే పెంచుతాం, ప్రతి నెలా 5వ తేదీకి ఎనిమిది గదుల డబ్బూ ఒకేసారి మీ చేతికి తెచ్చిస్తాం అని చెప్పాం. ఆయన ఏమీ అనలేదు. రెండు వారాలు ఒకటే టెన్షన్. తర్వాత చిన్నకోడలు ఫోన్ చేసి సరే అంది. కొత్తగా కట్టాలంటే అప్పు, ప్లాన్ అనుమతి, కట్టేదాకా రాబడి సున్నా, ఇదైతే వచ్చే నెల నుంచే డబ్బు అని లెక్క వేసింది ఆమేనంట.

ఒప్పుకున్న వెంటనే కాగితం రాయించుకోండి. మామూలుగా అందరూ 11 నెలలకు రాస్తారు, కానీ ఆంధ్రప్రదేశ్‌లో లీజు ఎంత కాలానికైనా రిజిస్ట్రేషన్ తప్పనిసరి. అందులో రెండు మాటలు పట్టుబట్టి పెట్టించండి: ఖాళీ చేయించాలంటే మూడు నెలల ముందు చెప్పాలి, అడ్వాన్సు తాళం ఇచ్చిన రోజే తిరిగివ్వాలి. అడ్వాన్సు రెండు నెలల బాడుగ దాటకూడదని 2021 కేంద్ర నమూనా అద్దె చట్టంలో ఉంది. అది నమూనా మాత్రమే, రాష్ట్రం చట్టం చేసుకుంటేనే చెల్లుతుంది, అయినా బేరం ఆడేటప్పుడు చెప్పడానికి పనికొస్తుంది.

అన్ని గదులూ నిలబెట్టుకోలేకపోయాం. వీధివైపు రెండు గదులు యాత్రికుల రూములైపోయాయి, అందులో ఒకటి పూలు కట్టే అక్కది. ఆమె కోసం ఇంకా గట్టిగా అడగాల్సింది అని ఇప్పటికీ బాధే.

మీ దగ్గర అన్నదమ్ములు ఇంకా పంపకాల్లోనే ఉన్నారన్నారు, అయితే టైముంది. మేం పెద్దాయన ఒక్కడితోనే మాట్లాడి వచ్చాం, అది పొరపాటు. ఆ ఇంట్లో లెక్కలు చూసేది ఎవరో ముందు కనుక్కొని, రిపేర్ల పుస్తకం వాళ్ల ముందు పెట్టండి.