పాప తనే మానేసిందా?

ఉత్తరం: మాది గుంటూరు. మావారికి మిర్చి యార్డులో చిన్న కమీషన్ కొట్టు ఉంది. పాప ఇంటర్ మొదటి సంవత్సరం, బాబు ఏడో తరగతి. బాబు షటిల్ బాగా ఆడతాడు. మొన్న అండర్-13 జిల్లా సెలక్షన్స్‌లో రెండో స్థానం వచ్చింది. మా ఇంట్లో పండగలు, పెళ్ళిళ్ళు, చుట్టాల రాకపోకలు అన్నీ వాడి టోర్నమెంట్లను బట్టే. పొద్దున నాలుగున్నరకే లేస్తాం. పాప కూడా చిన్నప్పుడు ఆడేది. వాడికంటే ముందు మొదలుపెట్టింది, జిల్లాలో రెండుసార్లు గెలిచింది. పెద్దమనిషి అయిన ఏడాది తనే మానేసింది. ఇద్దరికీ ఖర్చు పెట్టడం మావల్ల కాలేదు. ఈడొచ్చిన పిల్ల ఊళ్ళు తిరగడమేంటని మా అత్తగారు కూడా అన్నారు. తనకు దేనికీ లోటు చేయలేదు, ఫంక్షన్ కూడా ఘనంగా చేశాం. కానీ ఏడాదిగా తమ్ముడంటే అసలు పడటం లేదు. మొన్న వాడి మ్యాచ్ వీడియో తీయమని ఫోన్ ఇస్తే పక్క కోర్టులో అమ్మాయిల మ్యాచ్ తీసింది, పద్దెనిమిది నిమిషాలు. కావాలనే చేసింది. కోచ్‌కి చూపించడానికి ఏమీ లేకుండా పోయింది. దసరా సెలవుల్లో టోర్నమెంట్‌కి రానంటోంది. వచ్చే ఏడాది బాబుని హైదరాబాద్ అకాడమీలో చేర్చి, నేనూ అక్కడే గది తీసుకుందామనుకుంటున్నాను. పాప నాన్నమ్మ దగ్గర ఉంటుంది. బాబుకి ఓపెన్ స్కూల్ కట్టించవచ్చా? మేం వెళ్ళడం మంచిదేనా? పాపకి తమ్ముడి మీద కోపం ఎలా పోగొట్టాలి?
– ఓ తల్లి

జవాబు:

అమ్మా, హైదరాబాద్ సంగతి ముందు తేల్చేద్దాం. వెళ్ళొద్దు. పన్నెండేళ్ళ పిల్లవాడు, జిల్లాలో రెండో స్థానం. ముందు రాష్ట్ర స్థాయిలో నాలుగు రౌండ్లు నిలబడనివ్వండి, అండర్-15 చూడనివ్వండి. స్కూలు మాన్పించే మాట ఇప్పుడు అసలు ఎత్తొద్దు. 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టోర్నీ గెలిచి, ఇల్లు తాకట్టు పెట్టి అకాడమీ కట్టిన పుల్లెల గోపీచంద్ గారే 2025 ఫిబ్రవరిలో ఓ పత్రికతో మాట్లాడుతూ, డబ్బున్న కుటుంబమైతే తప్ప పిల్లల్ని ఆట మీదే బతకమని పంపొద్దన్నారు. చాలామందికి ఆ మాట రుచించలేదు. నాకు మాత్రం అది ఆ వ్యవస్థను లోపలి నుంచి చూసిన మనిషి చెప్పిన మాటగా అనిపించింది. షటిల్ డబ్బా ధర, రాకెట్‌కి నెలకు ఎన్నిసార్లు గట్టింగ్ (తీగలు బిగించడం) చేయించాలి, నాన్-మార్కింగ్ షూస్ ఎన్నాళ్ళు వస్తాయి, ఫస్ట్ రౌండ్‌లో ఓడిపోయి వచ్చినా రైలు ఛార్జీలు, లాడ్జి అద్దె ఎంతవుతాయి, ఇవన్నీ మీకు నాకంటే బాగా తెలుసు. దీనికి హైదరాబాద్‌లో ఇంకో కాపురం కూడా తోడైతే మీవారి కమీషన్ కొట్టు తట్టుకోదు. బాబు అక్కడే గుంటూరులో ఆడతాడు, చదువుకుంటాడు. ఆ విషయం అంతే.

ఇప్పుడు మీరు అడగని విషయానికి వస్తాను.

మీ ఉత్తరంలో బాబు గురించి చాలా రాశారు. ఎన్నింటికి లేస్తాడు, ఏం తింటాడు, బ్యాక్‌హ్యాండ్ ఎక్కడ బలహీనం, కోచ్ ఏమన్నాడు, అన్నీ ఉన్నాయి. అవన్నీ ఇక్కడ వేయలేదు. పాప గురించి రాసింది కొద్ది వాక్యాలే. వాటిలో ఒకటి, ‘తనే మానేసింది’. దాని వెనకే ‘ఇద్దరికీ ఖర్చు పెట్టడం మావల్ల కాలేదు’ అని రాశారు. ఆ వెంటనే అత్తగారి మాట. ఈ మూడూ వరుసగా ఒకసారి చదువుకోండి. ఖర్చు లేదని ఇంట్లో మాట్లాడుకున్నారు, ఈడొచ్చిన పిల్ల ఊళ్ళు తిరగకూడదని నాన్నమ్మ అంది, నాన్న ఏమీ అనలేదు, అమ్మ కూడా ఏమీ అనలేదు. పదమూడేళ్ళ పిల్లకు ఇక మిగిలిందేమిటి? పెద్దవాళ్ళు నోటితో చెప్పడానికి మొహమాటపడుతున్న మాటని తనే చెప్పి మీకు ఇబ్బంది లేకుండా చేసింది. అది మానేయడం కాదమ్మా. మీరే మాన్పించారు, ఆ పేరు మాత్రం దాని మీద పెట్టారు.

అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. అడిగినా పెట్టదని అర్థమైన పిల్ల అడగడం మానేస్తుంది. దాన్ని మీరు ఇన్నాళ్ళూ సర్దుకుపోయే గుణం అనుకున్నారు. ఇప్పుడు పదహారేళ్ళు వచ్చాయి, సర్దుకోవడం చాలించింది. అందుకే మీకు కొత్తగా మొండితనంలా కనిపిస్తోంది.

ఫంక్షన్ ఘనంగా చేశామని రాశారు. ఎంతమందికి భోజనాలు పెట్టారో, ఓణీకి ఎంతయిందో, ఫొటోగ్రాఫర్‌కి ఎంతిచ్చారో నేనడగను. ఆ ఒక్కరోజు ఖర్చుతో పాపకి ఎన్ని నెలల కోచింగ్ అయ్యేదో మీరే కాగితం మీద లెక్క వేసుకోండి. ఆ లెక్క పాప ఎప్పుడో వేసుకుంది. పిల్లలకు అలాంటి లెక్కలు బాగా వస్తాయి. డబ్బు లేక ఆట ఆగిపోయిన ఇంట్లో, అదే ఏడాది తన పేరు మీదే షామియానా వేసి వందల మందికి వడ్డిస్తుంటే, ఆ పీట మీద కూర్చుని అది ఏమనుకుని ఉంటుంది? అక్షింతలు వేసిన వాళ్ళందరూ ఎంత ఎదిగిపోయిందో అన్నారు. రాకెట్ ఎక్కడ పెట్టావమ్మా అని ఒక్కరూ అడిగి ఉండరు.

ఈ విషయంలో నాకు కోపం ఉంది, దాచుకోను. మన తెలుగు నేలకు షటిల్‌లో వచ్చిన పేరులో సగానికి సగం ఆడపిల్లలు తెచ్చిందే. హైదరాబాద్‌లో వ్యవసాయ శాస్త్రవేత్తగా పనిచేసిన హర్వీర్ సింగ్ గారు తెల్లవారుజామున స్కూటర్ మీద కూతురు సైనా నెహ్వాల్‌ని లాల్ బహదూర్ స్టేడియానికి తీసుకెళ్ళేవారు. నిద్రమత్తులో పిల్ల ఎక్కడ జారిపడుతుందోనని తల్లి కూడా వెనక కూర్చునేది. ఆ పిల్ల 2012లో లండన్‌లో ఒలింపిక్ కాంస్యం గెలిచింది. సింధుని వాళ్ళ నాన్న రమణ గారు సికింద్రాబాద్ వైపు నుంచి గచ్చిబౌలిలోని గోపీచంద్ అకాడమీ దాకా రోజూ తీసుకెళ్ళి తీసుకొచ్చేవారు. రియోలో రజతం, టోక్యోలో కాంస్యం, 2019లో ప్రపంచ ఛాంపియన్. గుత్తా జ్వాల, అశ్వినీ పొన్నప్ప కలిసి 2011 ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో డబుల్స్ కాంస్యం తెచ్చారు. వీళ్ళందరూ కూడా ఏదో ఒక ఏడాది పెద్దమనుషులయ్యారు కదమ్మా. వాళ్ళ ఇళ్ళల్లో ఆ ఏడాది రాకెట్ అటక ఎక్కలేదు, అంతే.

మీ పాప సింధు అయ్యేదని నేననడం లేదు. జిల్లాలో రెండుసార్లు గెలిచిన పిల్లలు అందరూ అక్కడి దాకా వెళ్ళరు, మీ బాబు కూడా వెళ్ళకపోవచ్చు. నేనడిగేది ఒక్కటే. బాబు విషయంలో ‘వెళ్ళకపోవచ్చు’ అన్న అనుమానం మీకు ఖర్చు ఆపేంత బలంగా ఎందుకు అనిపించలేదు? పాప విషయంలో ఎందుకు అనిపించింది?

మీ గుంటూరు కుటుంబమే, కిదాంబి వాళ్ళది. శ్రీకాంత్ 2018లో ప్రపంచ నంబర్ వన్ అయ్యాడు. ఆయన కంటే ముందు అకాడమీకి వెళ్ళింది అన్న నందగోపాల్. తమ్ముడు అన్న వెనకాలే వెళ్ళాడు. తమ్ముడు ముందుకెళ్ళాడని అన్నని ఆట మాన్పించలేదు, నందగోపాల్ కూడా డబుల్స్‌లో అంతర్జాతీయ టోర్నీల దాకా ఆడాడు. మీ ఇంట్లోనూ ముందు కోర్టులోకి వెళ్ళింది పెద్దదే. దాని పాత రాకెట్‌తోనే బాబు మొదలుపెట్టాడని మీరే రాశారు. ఆ పిల్లని ఇప్పుడు తమ్ముడి కిట్ బ్యాగ్ మోయమని, మంచినీళ్ళ సీసా అందించమని, వీడియో తీయమని తిప్పుతున్నారు. తను ఆడిన కోర్టులు, తనకు తెలిసిన కోచ్‌లు, తనతో పాటు మొదలుపెట్టి ఇంకా ఆడుతున్న పిల్లలు, వాళ్ళందరి మధ్యా గ్యాలరీలో కూర్చోబెడుతున్నారు. రానంటే పొగరు అంటున్నారు. అలాంటి చోటికి మీరైతే వెళ్తారా?

నా సంగతి ఒకటి చెప్తాను. జిల్లా పరిషత్ హైస్కూల్లో నేను టెన్నికాయిట్ ఆడేదాన్ని. తొమ్మిదో తరగతిలో జోనల్స్‌కి ఎంపికయ్యాను. ఇంట్లో వద్దన్నారు. మా అమ్మ నాకు ఇష్టమైన కూర చేసి పెట్టింది, ఆ విషయం మళ్ళీ ఎత్తలేదు. తర్వాత చాలా ఏళ్ళు నేను ఆ కూర తినలేదు. ఎందుకు తినడం లేదని అమ్మ అడిగితే ఇష్టం లేదన్నాను. నాకు పెళ్ళయి, నా కూతురు స్కూలుకు వెళ్ళే రోజుల్లో ఒకసారి అమ్మ వంటింట్లో నిలబడి, ‘ఆ రోజు నిన్ను పంపాల్సింది, మీ నాన్నతో గొడవ ఎందుకని ఊరుకున్నాను’ అంది. అంతే అంది. అప్పటికి నాకు ఆట వయసు ఎప్పుడో దాటిపోయింది. అయినా ఆ మాట కోసం నేను అన్నేళ్ళు ఎదురుచూశానని అది విన్నాకే నాకు తెలిసింది. మీరు అంతకాలం ఆగకండి.

మీరు చేయాల్సింది ఇది. ముందు మీవారితో మాట్లాడండి. యార్డు నుంచి అలసిపోయి వస్తారు, నిజమే, కానీ ఈ మాట ఆయన కూడా ఒప్పుకోవాలి. తర్వాత పాపతో విడిగా కూర్చోండి. తమ్ముడు, అత్తగారు లేనప్పుడు. ‘నువ్వు మానేయలేదు, మేం మాన్పించాం. నీ చేతే మానేస్తానని అనిపించాం. తప్పు చేశాం’ అని చెప్పండి. దాని తర్వాత ‘కానీ’ అని మొదలుపెట్టకండి. డబ్బు ఇబ్బంది, నాన్నమ్మ పట్టు, లోకం, ఇవన్నీ దానికి తెలుసు. మీరు ఏడ్చి దాని చేత ఓదార్పించుకోకండి. అది అరిస్తే అరవనివ్వండి. ఏమీ మాట్లాడకుండా గదిలోకి వెళ్ళిపోతే తలుపు కొట్టకండి.

అత్తగారి మీద మాత్రం నెపం వేయొద్దు. పెద్దావిడ తన కాలం మాట తను అన్నారు. ఆ మాట మీకు ఆ రోజు అనుకూలంగా ఉంది కాబట్టి ఎదురు చెప్పలేదు. బాబు కోసం ఇదే అత్తగారిని ఒప్పించి మీరు విజయవాడ, విశాఖ తిరుగుతున్నారు కదా. ఒప్పించడం మీకు చేతకాక కాదు.

మర్నాడే కొత్త రాకెట్ కొని తెచ్చి చేతిలో పెట్టకండి. అది లంచంలా ఉంటుంది. ఓ పది రోజులాగి, మళ్ళీ ఆడాలని ఉందా అని అడగండి. లేదంటే వదిలేయండి. ఉందంటే మాత్రం ఇప్పుడేం ఆడతావని అనొద్దు. పదహారేళ్ళకు అండర్-17, అండర్-19 విభాగాలు ఉన్నాయి, కాలేజీ టీములు ఉన్నాయి, రేపు యూనివర్సిటీ టీములు ఉంటాయి. డబుల్స్‌కి భాగస్వామి కోసం వెతుక్కునే అమ్మాయిలు ఎప్పుడూ ఉంటారు. పతకం రాకపోయినా సాయంత్రం ఓ గంట కోర్టులో చెమట పట్టేలా ఆడి రావడం ఇంటర్ చదివే పిల్లకు ఎంత మంచిదో వేరే చెప్పాలా? ఖర్చు అంటారా, నెలకు ఆటకి ఇంత అని ఒక మొత్తం అనుకుని ఇద్దరి ముందూ పెట్టండి. అందులోంచే ఇద్దరికీ. బాబుకి ఒక టోర్నమెంట్ తగ్గుతుంది. తగ్గనివ్వండి.

బాబు గురించి కూడా ఒక్క మాట. అక్క ఎందుకు మాట్లాడటం లేదో వాడికి తెలియదని మీరనుకుంటున్నారు. ఏడో తరగతి పిల్లవాడికి అన్నీ తెలుస్తాయి. ఇంట్లో పండగలు తన మ్యాచ్‌ల తేదీలు చూసి జరుపుకుంటున్నారని, అక్క ఆట ఆగింది తన కోసమేనని తెలిసిన పిల్లవాడు సర్వీస్ వేసేటప్పుడు చేయి వణక్కుండా ఎలా ఉంటుంది? మూడో గేమ్‌లో టెన్షన్ పడి ఓడిపోతున్నాడని రాశారు, కోచ్‌ని మారిస్తే పోతుందా అని అడిగారు. ఆ బరువు కోచ్ పెట్టింది కాదు. ఒక్క సంక్రాంతి అయినా వాడి మ్యాచ్‌తో సంబంధం లేకుండా ఇంట్లో జరుపుకోండి, పిల్లలిద్దరినీ అమ్మమ్మ ఊరు తీసుకెళ్ళండి. అక్కా తమ్ముళ్ళ మధ్య కోపం ఎలా పోగొట్టాలని అడిగారు. వాళ్ళ మధ్య మీరు ఏమీ చేయక్కర్లేదు. ఆ కోపం తమ్ముడి మీద కాదు, మీ మీద. మీతో చెప్పలేక వాడి మీద చూపిస్తోంది.

దసరా టోర్నమెంట్‌కి పాపని రమ్మని బలవంతం చేయొద్దు. మీవారు ఇంట్లో ఉండేలా చూసుకుని మీరూ బాబూ వెళ్ళి రండి. లేదా బాబుని ఆయనతో పంపి మీరు పాపతో ఉండండి. నన్నడిగితే రెండోదే చేయమంటాను. నాలుగేళ్ళలో పాపతో మీరిద్దరే కలిసి గడిపిన సెలవు ఒక్కటైనా ఉందేమో గుర్తు తెచ్చుకోండి.

ఇక ఆ వీడియో. కోచ్‌కి పనికిరాదని తీసేసి ఉండరని ఆశిస్తున్నాను. మీ ఫోన్‌లో ఉంటే ఇవాళ రాత్రి పిల్లలు పడుకున్నాక పెట్టుకుని పద్దెనిమిది నిమిషాలూ చూడండి. బాబు మ్యాచ్‌లు చూసినట్టే శ్రద్ధగా చూడండి. ఆ ఇద్దరు అమ్మాయిల్లో ఎవరి కాళ్ళ కదలిక వెంట పాప ఫోన్ తిప్పిందో, ఏ పాయింట్ దగ్గర దాని చేయి కదిలిందో, ఎక్కడైనా వెనక నుంచి ‘అబ్బా’ అనో ‘షాట్’ అనో దాని గొంతు వినిపిస్తుందేమో చూడండి. చూశాక నాకు రాయండి.