తొమ్మిదో తరగతిలో బయటపడ్డ నాలుగో తరగతి లెక్క

ప్రశ్న: మాది జగిత్యాల దగ్గర ఒక పల్లె. మా ఆయన ఖతార్‌లో భవనాల పనిలో ఇనుము కట్టే మేస్త్రీ. నేను ఇంటి దగ్గరే బట్టలు కుడతాను, ఏడో తరగతి వరకే చదివాను. మా అబ్బాయి ఏడో తరగతి వరకు ఊళ్లోని ప్రభుత్వ బడిలో చదివాడు. అక్కడ పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు, పక్క పేజీ తెలుగు ఉండేది, సారు తెలుగులోనే చెప్పేవారు. ఎనిమిదిలో టౌన్‌లో ఇంగ్లీషు మీడియం ప్రైవేటు బడిలో వేశాం. ఇప్పుడు తొమ్మిది. ఎస్‌ఏ-1లో, అంటే బడిలో పెట్టే మొదటి పెద్ద పరీక్షలో, లెక్కలకు 80కి 13 వచ్చాయి. ప్రోగ్రెస్ కార్డు నెల రోజులు దాచాడు. ప్రతి శుక్రవారం వీడియో కాల్‌లో వాళ్ల నాన్న "నీ కోసం ఇక్కడ ఎండలో మాడుతున్నా" అని అరుస్తారు, వీడు తల వంచుకుని నిలబడతాడు. మొన్న నాతో "నాకు లెక్కలు రావు అమ్మా, నన్నెందుకు బడికి తోలుతున్నవ్, నేనుండి ఏం లాభం" అన్నాడు. సంక్రాంతి తర్వాత హైదరాబాద్‌లో హాస్టల్ ఉన్న బడిలో, ఐఐటీ ఫౌండేషన్‌లో వేద్దామని, అడ్వాన్సు కట్టమని ఆయన అంటున్నారు. జవాబు పత్రం ఫొటోలు పంపుతున్నాను. ఏం చేయమంటారు?
— ఒక తల్లి, జగిత్యాల జిల్లా

జవాబు: మీ ఉత్తరంలో అన్నిటికంటే ముందు పట్టించుకోవలసింది "నేనుండి ఏం లాభం" అన్న మాటను. పద్నాలుగేళ్ల పిల్లలు కోపంలో అనే మాటే కావచ్చు గానీ, కావచ్చులే అని వదిలేయదగిన మాట మాత్రం కాదు. ఈ రోజే మిషను ఆపి, ఇంట్లో మరెవరూ లేనప్పుడు పక్కన కూర్చుని, "మొన్న అట్లా అన్నావు కదా, చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా" అని సూటిగా అడగండి. అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్లవుతుందేమోనని తల్లులు భయపడతారు. అలా జరగదు, పైగా ఇన్నాళ్లూ లోపల మోస్తున్నదాన్ని చెప్పుకోవడానికి పిల్లవాడికి దారి దొరుకుతుంది. అవునన్నా, జవాబు చెప్పకుండా ముఖం తిప్పుకున్నా, తిండీ నిద్రా తగ్గినట్లు మీకు కనిపించినా అతణ్ణి ఒంటరిగా వదలకండి. ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. పగలూ రాత్రీ పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.

ఇక లెక్కల సంగతి. ఎర్ర సిరా గీతల కింద మీవాడు ఏం రాశాడో ఓపికగా చదివాను. ఒకచోట అర, పావు కలపవలసి వచ్చింది. పైన ఉన్న ఒకటీ ఒకటీ కలిపి రెండు, కింద ఉన్న రెండూ నాలుగూ కలిపి ఆరు వేసి, 2/6 అని రాశాడు. ఇంకోచోట −3 − 5 అన్నదానికి 8 వేశాడు. రెండు మైనస్‌లు కలిస్తే ప్లస్ అని ఎప్పుడో ఎవరో గుణకారానికి చెప్పిన సూత్రాన్ని అన్నిచోట్లా వాడేస్తున్నాడు. x వంటి అక్షరాలతో వచ్చే బహుపదుల ప్రశ్నలో మొదటి మూడు వరుసలు సరిగ్గానే ఉన్నాయి. నాలుగో వరుసలో భిన్నం తగిలింది, అక్కడితో పెన్ను ఆగిపోయింది. అదే పత్రంలో గ్రాఫు మీద బిందువులు గుర్తించమన్న ప్రశ్నకు నాలుగు బిందువులనూ, రుణ సంఖ్య ఉన్నదాన్ని కూడా, తప్పు లేకుండా పెట్టాడు. బుర్ర లేని పిల్లవాడు చేయగలిగిన పని కాదది. మీవాడు తప్పుతున్నది తొమ్మిదో తరగతి లెక్కల్లో కాదు, నాలుగు, అయిదు తరగతుల లెక్కల్లో.

ఒకసారి వేళ్ల మీద వెనక్కి లెక్కపెట్టండి. ఈ 2025-26లో తొమ్మిది అంటే 2020-21లో మీవాడు నాలుగో తరగతి. 2020 మార్చిలో బడులు మూతపడ్డాయి. ఆ సెప్టెంబరు నుంచి మూడో తరగతి మొదలు పై పిల్లలకు టీవీలో, దూరదర్శన్ యాదగిరిలోనూ రాష్ట్ర ప్రభుత్వ చానల్ టీ-శాట్‌లోనూ పాఠాలు వచ్చాయి. 2021 ఫిబ్రవరిలో పెద్ద తరగతులకు కొన్నాళ్లు బడి తెరిచినా ప్రాథమిక తరగతుల పిల్లలు గడప దాటలేదు, పరీక్ష లేకుండానే అందరినీ పై తరగతికి పంపారు. మళ్లీ 2021 సెప్టెంబరులో బడికి వెళ్లేసరికి అతను అయిదో తరగతిలో కూర్చున్నాడు. భాగహారం, భిన్నాలు చేతికి అలవాటు కావలసిన ఏడాది అంతా టీవీ ముందు గడిచింది. ఆ టీవీలోని సారుకు ఇతను భిన్నాన్ని ఎలా కలుపుతున్నాడో కనపడే వీలు లేదు. తర్వాత ఏడో తరగతి వరకు ఊరి బడిలో సారు తెలుగులో చెప్పడంతో ఆ లోటు ఎలాగో కప్పుకుపోయింది. ఎనిమిదిలో తెలుగు పేజీ కూడా పోయింది. ఈ ఈడు పిల్లల ఇళ్ల నుంచి నాకు వచ్చే ఉత్తరాల్లో సగానికి సగం ఇదే కథ. దీన్ని సోమరితనమనో, ఫోను పిచ్చి అనో తిట్టి లాభం లేదు.

కాబట్టి వెనక్కి వెళ్లడం తప్ప దగ్గరి దారి లేదు. ట్యూషన్లు సాధారణంగా ఈ పని చేయవు. బడిలో పొద్దున చెప్పిన పాఠాన్నే సాయంత్రం మళ్లీ చెబుతాయి, పునాది లేని పిల్లవాడు అక్కడా బట్టీ పడతాడు. ఊళ్లో ఎవరి ఇంట్లోనైనా నాలుగు నుంచి ఏడు వరకు ప్రభుత్వ గణిత పుస్తకాలు దొరుకుతాయి, రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ సంస్థ (ఎస్‌సీఈఆర్‌టీ) వెబ్‌సైట్ నుంచి ఉచితంగా దింపుకోవచ్చు కూడా. రెండు భాషలున్న ముద్రణే తీసుకోండి. రోజూ ఒకే వేళకు నలభై నిమిషాలు, అంతకు మించి వద్దు. మొదట ఎక్కాలు, భాగహారం, తర్వాత భిన్నాలు, ఆ తర్వాత రుణ సంఖ్యలు. ఈ మూడూ కుదిరితే వాస్తవ సంఖ్యలు, బహుపదులు వాటంతట అవే సగం తేలికవుతాయి. నాలుగో తరగతి పుస్తకం ముందు కూర్చోవడానికి మీవాడు సిగ్గుపడతాడు, అది సహజం. అట్ట మీద పాత వార్తాపత్రిక కాగితం వేయించండి. చిన్న ఉపాయమే గానీ పనిచేస్తుంది, నా దగ్గరికి వచ్చే పిల్లలతో నేను చేయించేది అదే.

ఈలోగా బడి పరీక్షలు ఆగవు కదా. సాంఖ్యకశాస్త్రం, నిరూపక జ్యామితి, జ్యామితీయ నిర్మాణాలు వంటి అధ్యాయాలకు పాత బాకీ అంతగా అడ్డురాదు. గ్రాఫు తప్పు లేకుండా వేసిన పిల్లవాడు వాటిలో మార్కులు తెచ్చుకోగలడు. ఏడాది చివరి పరీక్ష ఎస్‌ఏ-2కు ముందు వాటినే పట్టుకోమనండి. 13 కాస్తా 25 అయితే అది చిన్న సంగతి కాదు, ఎందుకంటే "నాకు రావు" అన్న మాటను ఖండించే మొదటి రుజువు అతని చేతిరాతలోనే అతనికి దొరుకుతుంది. అలాగని ప్రతి వారం మార్కులు పెరుగుతాయని ఎదురుచూడకండి. మొదటి రెండు నెలల్లో బడి మార్కులు కదలకపోవచ్చు, ఒక స్లిప్ టెస్టులో ఇంకా తగ్గవచ్చు కూడా. పోయిన నెల తప్పు చేసిన రకం లెక్క ఈ నెల సరిగ్గా చేస్తున్నాడా లేదా అన్నది మాత్రమే చూడండి.

భాష సంగతి వేరే చెప్పాలి. ప్రశ్న అర్థం కాక వదిలేసినవి ఆ పత్రంలో కనీసం మూడున్నాయి. ఒక చిన్న నోటుపుస్తకంలో ఎడమవైపు ఇంగ్లీషు పదం, కుడివైపు తెలుగు పదం రాయించండి: డినామినేటర్ అంటే హారం, న్యూమరేటర్ అంటే లవం, ఫ్యాక్టరైజ్ అంటే కారణాంకాలుగా విడదీయడం. రోజుకు మూడు పదాలు చాలు. ఏడు వరకు తెలుగులో నేర్చుకున్నది వృథా కాలేదని, దానికి కొత్త పేర్లు మాత్రమే కావాలని అతనికి అప్పుడు అర్థమవుతుంది.

"నేను ఏడు వరకే చదివాను" అని రాశారు. మీరు పాఠం చెప్పనవసరం లేదమ్మా, పాఠం చెప్పించుకోవాలి. మీరు మిషను మీద ఉన్నప్పుడే అతణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, "అర మీటరు గుడ్డకు పావు మీటరు కలిపితే ఎంతరా" అని అడగండి. తడుముకోకుండా ముప్పావు అంటాడు. అదే లెక్కను కాగితం మీద వేయమనండి. మళ్లీ 2/6 వస్తే తిట్టవద్దు, దిద్దవద్దు. "ముప్పావు అన్నావు కదా, ఇది ముప్పావేనా" అని అడిగి, మీ కుట్టు మీరు కుట్టుకోండి. నోటికి వచ్చిన జవాబుకూ కాగితం మీది జవాబుకూ పొంతన లేదని అతనే గుర్తించే ఆ నిమిషం, పది మంది చెప్పే పాఠంకంటే విలువైనది. మీ మెడలో వేలాడే టేపులోనే భిన్నాల అధ్యాయం అంతా ఉంది: అంగుళంలోని ఎనిమిది గీతల్లో నాలుగు అర, రెండు పావు, ఆరు ముప్పావు. హారాలు వేరైనప్పుడు ఒకే కొలతలోకి ఎందుకు మార్చాలో ఆ గీతలే చూపిస్తాయి.

మీ భర్త కోపాన్ని నేను తప్పుపట్టలేను. అంత దూరంలో, అంత ఎండలో ఉన్న మనిషికి ఇంటి మీద పెట్టుకున్న ఆశ ఒక్క అంకెలో, 13లో, కూలినట్లు అనిపిస్తుంది. అయితే వారానికి ఒక్కసారి వచ్చే తండ్రి ముఖం తిట్టుగానే వస్తే, పిల్లవాడు మార్కులు పెంచుకోడు, కార్డు దాచడం నేర్చుకుంటాడు. ఇప్పటికే నేర్చుకున్నాడు. ఈ ఉత్తరం ఆయనకు చదివి వినిపించి, నా మాటగా ఒక పని అప్పగించండి. వచ్చే శుక్రవారం మార్కుల ఊసెత్తకుండా, తన పనిలోని లెక్క ఒకటి కొడుకుకు ఇవ్వమనండి. పన్నెండు మీటర్ల ఇనుప కడ్డీని ఒకటీ ముప్పావు మీటరు ముక్కలుగా కోస్తే ఎన్ని ముక్కలు వస్తాయి, ఎంత మిగులుతుంది? ఆరు ముక్కలు, ఒకటిన్నర మీటరు మిగులు. ఆయన రోజూ నోటిమీద చేసే ఈ లెక్కే కొడుకు పరీక్షలో తప్పుతున్న లెక్క. తండ్రి అంత దూరంలో చేస్తున్న పని ఏమిటో మీవాడికి ఇప్పటివరకు సరిగ్గా తెలియకపోవచ్చు కూడా.

బడికి ఒకసారి మీరే వెళ్లండి. ఫీజు కట్టే గది దగ్గర కాదు, పేరెంట్స్ మీటింగ్ రద్దీలోనూ కాదు, మామూలు రోజున లెక్కల సారు ఖాళీగా ఉన్న పీరియడ్ కనుక్కుని పది నిమిషాలు అడగండి. మీవాణ్ణి ముందు బెంచీలో కూర్చోబెట్టమని, బోర్డు దగ్గరికి పిలిచి అందరి ముందు నిలబెట్టవద్దని, ఎస్‌ఏ-2 వరకు ఏ అధ్యాయాల మీద పనిచేయాలో రాసి ఇమ్మని అడగండి. ఊరి బడిలో చెప్పిన పాత సారు ఇంకా అక్కడే ఉంటే ఆదివారం ఒక గంట అడగడానికి మొహమాటపడకండి. తన దగ్గర చదివిన పిల్లవాడు పుస్తకం పట్టుకుని తిరిగి వస్తే తలుపు వేసే పంతుళ్లను నేను ఎక్కువమందిని చూడలేదు.

ఒక అనుమానం కూడా తీర్చుకోవాలి. పత్రంలో రెండుచోట్ల ప్రశ్నలోని 6ను 0గా ఎత్తి రాశాడు. ముందు కంటి పరీక్ష చేయించండి, ప్రభుత్వ ఆసుపత్రిలో అయ్యే పనే. చూపు బాగానే ఉండి, మూడు నాలుగు నెలలు క్రమం తప్పకుండా కూర్చున్నా అంకెలూ అక్షరాలూ తారుమారవుతూనే ఉంటే డిస్‌లెక్సియా (చదవడంలో ఇబ్బంది), డిస్‌కాల్క్యులియా (అంకెలతో ఇబ్బంది) వంటి అభ్యసన లోపం ఉందేమో నిపుణులతో చూపించాలి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఇలాంటి లోపాలను గుర్తించింది. ధ్రువపత్రం ఉంటే పదో తరగతి పరీక్షలో అదనపు సమయం వంటి సౌకర్యాలకు దరఖాస్తు చేసుకోవచ్చు. భిన్నాల తప్పులు అంత ఒక్క తీరుగా ఉండడం చూస్తే మీవాడి విషయంలో ఇది కాదనే నాకు అనిపిస్తోంది. అయినా చూపించడంలో నష్టం లేదు.

పదో తరగతి గురించి మీ భర్తకు ఉన్న భయానికి లెక్కతోనే జవాబు చెప్పాలి. ఇప్పుడున్న పద్ధతిలో ఒక్కో సబ్జెక్టుకు 80 మార్కుల రాతపరీక్ష, 20 ఇంటర్నల్ మార్కులు. లెక్కల రాతపరీక్షలో ఉత్తీర్ణతకు 28 కావాలి. మీవాడికి ఆ పరీక్ష 2027లో, అంటే ఏడాదికి పైగా సమయం ఉంది. పొరపాటున తప్పినా అదే వేసవిలో అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ ఉంటుంది, ఏడాది పోదు.

హాస్టల్ విషయంలో నా అభిప్రాయం నిర్మొహమాటంగా చెబుతాను, వద్దు. పావు, అర కలపడం దగ్గర ఆగిన పిల్లవాణ్ణి ఐఐటీ ఫౌండేషన్‌లో కూర్చోబెడితే అక్కడ వారం వారం వచ్చే ర్యాంకుల పట్టికలో అతని పేరు అట్టడుగున ఉంటుంది, అర్ధరాత్రి "నేనుండి ఏం లాభం" అనిపిస్తే చెప్పుకోవడానికి పక్కన మీరు ఉండరు. పైగా విద్యా సంవత్సరం మధ్యలో బడి మార్చడమంటే మూడేళ్లలో మూడో బడి అవుతుంది. అడ్వాన్సు ఇప్పుడు కట్టవద్దని, ఏప్రిల్‌లో ఎస్‌ఏ-2 పత్రం చేతికొచ్చాక ముగ్గురూ కూర్చుని మాట్లాడుకుందామని మీ భర్తకు చెప్పండి. ఆ మాటల్లో మీవాడు కూడా ఉండాలి. ఆ పత్రం ఫొటోలు నాకూ పంపండి. మార్కులు కాదు, నాలుగో వరుసలో భిన్నం వచ్చినప్పుడు ఏం చేశాడో చూస్తాను.