‘మీ చర్చి’ అన్నాడు మా అబ్బాయి

ప్రశ్న: అమ్మా, వందనాలు. మేము అమెరికా వచ్చి ఇరవై రెండేళ్లయింది. మా అబ్బాయికి పంతొమ్మిదేళ్లు, కాలేజీలో రెండో సంవత్సరం. వాడి క్యాంపస్ మా ఇంటికి గంట ప్రయాణం. మొన్నొక శనివారం ఇంటికొచ్చి, ఆదివారం పొద్దున మాతో తెలుగు ఆరాధనకి వచ్చాడు. మూడు గంటలూ కూర్చున్నాడు. తర్వాత వాణ్ణి దింపడానికి బయల్దేరితే, ఆ మధ్యాహ్నం కాలేజీ బాస్కెట్‌బాల్ మ్యాచ్‌కి మా ఇద్దరికీ టికెట్లు కొన్నానని కారులో చెప్పాడు. దేవుని దినాన ఆటలకి వెళ్లడం మా ఇంట్లో లేదు. చిన్నప్పుడు, ఆదివారం పరుగెత్తనన్న ఒలింపిక్ పరుగువీరుడు ఎరిక్ లిడ్డెల్ గురించి వాడికి నేనే చెప్పాను. “నీకు దేవుడికంటే బంతి ఎక్కువైందా?” అన్నాను. “మీ చర్చికి నేనొచ్చాను కదా నాన్నా” అన్నాడు. మన చర్చి అనలేదు. వాడు లోపలికి వెళ్లాడు. నేను రెండు గంటలు పార్కింగ్‌లో కూర్చుని ఫోన్‌లో వాక్యం విన్నాను. వాడు బయటికొచ్చి, నాకోసం కొన్న టీషర్టు వెనక సీట్లో పెట్టి, మాట్లాడకుండా డార్మ్‌కి వెళ్లిపోయాడు. మూడు వారాలైంది. వాళ్లమ్మతోనే మాట్లాడుతున్నాడు. వాడు విశ్వాసం నుంచి జారిపోతున్నాడేమోనని నాకు నిద్ర పట్టడం లేదు. ఏం చేయాలి?

జవాబు: అన్నయ్యగారూ, వందనాలు.

ఆ రెండు గంటలూ మీరు అక్కడే ఉన్నారు. కొడుకుని దింపేసి ఇంటికి వెళ్లిపోవచ్చు, కోపంలో ఉన్న తండ్రులు చాలామంది ఆ పనే చేస్తారు. మీరు కారులోనే కూర్చున్నారు. ఆట అయ్యాక మీ అబ్బాయి కూడా ఆ కారు కోసమే వెతుక్కుంటూ వచ్చాడు. లేకపోతే టీషర్టు వెనక సీట్లోకి ఎలా వస్తుంది? మూడు వారాలు మాటల్లేవని అంతా చెడిపోయిందనుకోకండి. ముందు కాస్త నిద్రపోండి.

టికెట్ల సంగతి మీరు ఒక్క ముక్కలో రాసి వదిలేశారు. నాకు మాత్రం ఉత్తరం మొత్తంలో అదే పెద్ద విషయంగా కనిపించింది. అమెరికా కాలేజీల్లో బాస్కెట్‌బాల్ మ్యాచ్‌కి స్టూడెంట్ల కోసం వేరే సెక్షన్ ఉంటుంది. పిల్లలంతా అక్కడ చేరి, ఆటంతా నిలబడే చూస్తారు. గొంతు పోయేదాకా అరుస్తారు. పంతొమ్మిదేళ్ల కుర్రాడికి ఫ్రెండ్స్‌తో అక్కడ ఉండటమే సరదా. నాన్న పక్కన కూర్చోవాలంటే ఆ సరదా వదులుకుని మామూలు సీట్లు కొనాలి. మీవాడు కొన్నాడు. ఆ మధ్యాహ్నం మీ సీటు ఖాళీగా ఉండిపోయింది, దాని పక్కన వాడు కూర్చున్నాడు. మ్యాచ్‌కి నలభై నిమిషాల ఆటే అయినా, టైమ్‌అవుట్లు, ఫౌల్స్, మధ్యలో విరామం కలిపి రెండు గంటలు పడుతుంది. అంతసేపూ వాడికి మనసులో ఏమనిపించి ఉంటుందో ఒకసారి ఆలోచించండి.

వాడి తప్పు లేదని నేను అనడం లేదు. మీ పట్టింపు తెలిసి కూడా టికెట్లు కొన్న మాట ఆఖరి నిమిషంలో, కారులో చెప్పాడు. ముందు రోజు రాత్రే అడగాల్సింది. అడిగితే వద్దంటారని భయపడి ఉంటాడు. ఆ మాట వాడికి మీరు చెప్పొచ్చు, అయితే మొదటి ఫోన్‌లో వద్దు.

లిడ్డెల్ గురించి వాడికి చెప్పానన్నారు. మన సండే స్కూళ్లలో ఆ కథని 1924 పారిస్ ఒలింపిక్స్ దగ్గర ఆపేస్తారు. వంద మీటర్ల హీట్స్ ఆదివారం పడ్డాయని ఆయన పరుగెత్తనన్నాడు, ఆ తర్వాత నాలుగు వందల మీటర్లలో బంగారు పతకం తెచ్చుకున్నాడు. మీరు కూడా అంతవరకే చెప్పి ఉంటారు. తర్వాత ఆయన చైనాలో మిషనరీగా పనిచేశాడు. యుద్ధకాలంలో జపాన్ సైన్యం ఆయన్ని వెయ్‌షియన్ శిబిరంలో నిర్బంధించింది. అక్కడ తల్లిదండ్రులకు దూరమైన పిల్లలు ఎంతోమంది ఉండేవారు. ఆదివారం ఆటలు వద్దని మొదట ఆయన కూడా గట్టిగానే అనుకున్నాడు. కానీ పిల్లలు తమంతట తాము హాకీ ఆడుకోబోయి, చూసేవాళ్లు లేక కొట్టుకున్నారు. ఆ తర్వాత ఆదివారం లిడ్డెల్ తనే వెళ్లి రిఫరీగా నిలబడ్డాడు. ఒలింపిక్ పతకం కోసం సడలించని నియమాన్ని ఆ పిల్లల కోసం పక్కన పెట్టాడు. 1945 ఫిబ్రవరిలో ఆ శిబిరంలోనే కన్నుమూశాడు. మీవాడికి మిగతా సగం కూడా చెప్పండి. నాకైతే ఆ రెండో సగమే ఎక్కువ ఇష్టం.

బంతి మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో, వైఎమ్‌సీఏ అనే క్రైస్తవ యువకుల సంఘం శిక్షణ పాఠశాలలో బాస్కెట్‌బాల్ మొదలుపెట్టిన జేమ్స్ నైస్మిత్ థియాలజీ చదువుకున్నవాడు. చలికాలంలో లోపల ఆడుకోవడానికి పీచ్ పళ్ల బుట్టలు రెండు బాల్కనీకి కట్టించి, పదమూడు నియమాలు రాశాడు. 1898లో కాన్సస్ యూనివర్సిటీకి వెళ్లినప్పుడు అక్కడి చాపెల్ బాధ్యత కూడా చూసుకున్నాడు. ఆయనకి ఆ రెండు పనులూ ఒకదానికొకటి అడ్డు రాలేదు.

ఇదంతా చెప్పి మీ నమ్మకాన్ని మార్చుకోమనడం లేదు. ఆదివారాన్ని పూర్తిగా దేవునికే ఇవ్వాలన్నది మీ మనస్సాక్షి అయితే అలాగే ఉంచుకోండి. యూటాలోని బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ జట్టు ఆదివారం ఆడదు. అందుకే జాతీయ టోర్నమెంటులో దాని మ్యాచ్‌లు ఆదివారం పడకుండా సర్దుతారు. పట్టింపుని మర్యాదగా చెబితే ఎదుటివాళ్లు గౌరవిస్తారు. మీరు కూడా, “నాన్నా, ఆదివారం నాకు మనసొప్పదు, శనివారం మ్యాచ్ ఏదైనా ఉంటే నీతో వస్తాను” అని ఉండొచ్చు. ఆ మాటకి వాడు నొచ్చుకునేవాడు కాదు. “దేవుడికంటే బంతి ఎక్కువైందా” అనేసరికి వాడి భక్తినే అనుమానించినట్టయింది. అది కూడా మూడు గంటలు మీ పక్కన కూర్చుని వచ్చిన రోజున.

ఇక ‘మీ చర్చి’ అన్న మాట. మీకు గుచ్చుకుంది ఇదేనని ఉత్తరం చూస్తేనే తెలుస్తోంది. ఇక్కడ కొంచెం ఓపికగా వినండి. మీకు ఆ ఆరాధన అంటే అమ్మ పాడిన పాట, మీ ఊరి పాస్టరుగారి గొంతు, ఇరవై రెండేళ్లుగా పరాయి దేశంలో మీకు దొరికిన మనుషులు. మీవాడు అక్కడ పుట్టి పెరిగినవాడైతే, గ్రాంథికంలో సాగే ప్రార్థన వాడికి సగమే అర్థమవుతుంది. పాటలో తర్వాతి చరణం ఏమిటో పక్కవాళ్ల పెదాలు చూసి పట్టుకుంటాడు. అయినా వచ్చాడు. ‘మీ చర్చి’ అన్నంత మాత్రాన దేవుణ్ణి వద్దన్నట్టు కాదు. ఆ చోటు తనదిగా అనిపించడం లేదని మాత్రమే దానికి అర్థం కావచ్చు. కాలేజీలో వాడు ఏదైనా ఫెలోషిప్‌కి వెళ్తున్నాడా, ఒక్కడే ప్రార్థన చేసుకుంటాడా, లేక నిజంగానే సందేహాల్లో ఉన్నాడా? మీకు తెలియదు, నాకూ తెలియదు. వాణ్ణే అడగాలి. పరీక్ష పెట్టినట్టు కాకుండా, తెలుసుకోవాలని అడగండి. సందేహాలున్నాయని చెబితే అక్కడికక్కడే సమాధానాలు చెప్పెయ్యకండి. విన్నామని వాడికి తెలిస్తే ఆ పూటకి చాలు.

వాళ్లమ్మని మధ్యవర్తిని చేయకండి. ఆవిడ ఇప్పటికే ఇద్దరి టెన్షనూ మోస్తోంది. మీరే ఫోన్ చేయండి. ఎత్తకపోతే మెసేజ్ పెట్టండి. పెద్ద ఉత్తరం అవసరం లేదు. “ఆ రోజు నేనన్న మాట తప్పు. నువ్వు నా కోసం మూడు గంటలు కూర్చున్నావు, నేను అది చూడలేదు” అని రాయండి. ‘కానీ’ అని మొదలుపెట్టి దాని వెనక ఇంకో వాక్యం చేర్చకండి.

వాడు జవాబిస్తే ఆ మ్యాచ్ గురించి అడగండి. ఎవరు గెలిచారు, ఎవరు బాగా ఆడారు, బంతి దొరికిన ముప్పై సెకన్లలోపు బుట్టలోకి వెయ్యడానికి ప్రయత్నించాలన్న నియమం ఏమిటి, ఇవన్నీ వాణ్ణే చెప్పనివ్వండి. చిన్నప్పుడు వాడు సైకిల్ గురించి, బొమ్మల గురించి చెబుతుంటే మీరు విని ఉంటారు కదా, అలాగే.

ఆ టీషర్టు ఇంకా వెనక సీట్లోనే ఉంటే ఈ రోజే లోపలికి తెచ్చుకోండి, సైజు సరిపోయిందో లేదో ఒకసారి వేసుకుని చూడండి. కాలేజీ సీజన్ నవంబరు నుంచి మార్చిదాకా నడుస్తుంది. ఇంకా హోమ్ గేమ్‌లు మిగిలి ఉంటే, వాటిలో ఏ శనివారానిదో ఒకటి చూసి ఈసారి రెండు టికెట్లూ మీరే కొనండి.