చెవులు జాగ్రత్త, బుజ్జీ

బుజ్జీ,

బర్మింగ్‌హామ్‌లో హెవీ మెటల్ అనే రాక్ సంగీతం మీద డాక్యుమెంటరీ తీస్తున్నావని మీ అమ్మ ఫోన్ చేసింది. ఎమ్మెస్సీ చదవమని పంపిస్తే దయ్యాల పాటల వెంట పడిందని ఒకటే గొడవ. తనకి సర్దిచెప్పాను. సౌండ్ రికార్డిస్టుగా బతికినవాణ్ని, లోపల ఎంత సంబరపడ్డానో! వెంటనే టెన్షనూ పట్టుకుంది.

కెమెరా ముందు మాట్లాడేవాళ్ల దగ్గర సంతకాలు ముందే తీసుకో. బ్యాటరీలు ఎక్కువ పెట్టుకో. పాట వాడాలంటే రాసినవాళ్ల హక్కు వేరు, రికార్డు కంపెనీ హక్కు వేరు, ఇద్దర్నీ అడగాలి. ఇవి నీకు తెలిసినవే.

నీకు తెలియంది ఒకటుంది. సికింద్రాబాద్ బోనాల్లో నువ్వు తీసిన తీన్మార్ వీడియో నిన్న మళ్లీ చూశాను. రికార్డర్‌ని సౌండుని తనే పెంచి తగ్గించుకునే ఆటో మోడ్‌లో పెట్టి వదిలేశావు. దెబ్బ పడగానే అది సౌండు తగ్గించేస్తుంది, దెబ్బకీ దెబ్బకీ మధ్య జనం గోలని పైకి లాగుతుంది. ఆయాసం వచ్చినవాడి ఊపిరిలా ఉంది వింటుంటే. డప్పు మోత మొత్తం పగిలిపోయింది. ఎడిటింగులో సరిచేశానన్నావు. పగిలిన సౌండుని అతికించడం ఎవరి తరమూ కాదమ్మా. పైగా మెటల్‌లో గిటారుని కావాలనే పగిలినట్టు మోగిస్తారు. పగిలింది వాళ్ల గిటారో నీ మైకో తెలియకపోతే ఇంకేం సినిమా?

ఆటో మోడ్ తీసెయ్. షోకి ముందు చేసే సౌండ్ చెక్‌ని అసలు నమ్మకు. ఖాళీ హాల్లో మెల్లగా వాయించినవాళ్లే జనం రాగానే రెచ్చిపోతారు. మీటరు సున్నాకి తగిలితే సౌండు పగులుతుంది, అందుకే చెక్ చేసేటప్పుడే అది మైనస్ 20 దాటకుండా పెట్టుకుంటే షోలో గట్టెక్కుతావు. మిక్సర్ దగ్గర కూర్చునే మనిషిని మంచి చేసుకుని అక్కణ్నుంచి నీ రికార్డర్‌కి ఒక లైను అడుగు. జనం కేకలకి స్పీకర్లకి దూరంగా ఇంకో మైకు పెట్టు. ఎంత మోతైనా పగలకుండా పట్టే 32 బిట్ ఫ్లోట్ రికార్డర్ ఉంది కదా మావయ్యా అంటావు. మైకే తట్టుకోలేనప్పుడు రికార్డర్ ఏం చేస్తుంది?

అదే వీడియోలో డప్పు కొట్టే పెద్దాయన వేళ్లకి చుట్టుకున్న గుడ్డపీలిక మీద కెమెరా ఆపావు. అది ఎవరో నేర్పితే వచ్చేది కాదు. అందుకే నీకు బర్మింగ్‌హామ్ మెటల్ బ్యాండు బ్లాక్ సబ్బాత్ గిటారిస్టు టోనీ అయోమీ గుర్తుండాలి. అప్పటికి 17 ఏళ్లు. ఆ ఊళ్లోనే రేకుల ఫ్యాక్టరీలో ఆఖరి రోజు పని. భోజనానికి ఇంటికొచ్చి ఇక వెళ్లనంటే, ఆ పూట కూడా పూర్తిచేసి రమ్మని వాళ్లమ్మే పంపిందట. రెండు వేళ్ల కొసలు మిషన్లో పోయాయి. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకి తొడుగులు చేసుకున్నాడు. సన్న తీగలు వేసుకున్నాడు, తర్వాత వాటినీ వదులు చేశాడు. ఆ బరువైన మోతలో ఇదంతా ఉంది. బ్రాడ్ స్ట్రీట్‌లో బ్లాక్ సబ్బాత్ బ్రిడ్జి మీది బెంచీని అందరూ తీస్తారు. 2025 జులైలో ఆ బ్యాండు గాయకుడు ఓజీ ఆస్బోర్న్ అంతిమయాత్ర ఆగిందీ అక్కడే. నువ్వూ తీసుకో, కాదనను. కానీ ముందు ఆ ఫ్యాక్టరీల్లో పనిచేసిన ముసలివాళ్లని వెతుకు.

ఇక నీ చెవులు. 100 డెసిబెల్స్ మోతలో రోజుకి 15 నిమిషాలు మించకూడదని అమెరికాలో కార్మికుల ఆరోగ్యం చూసే సంస్థ లెక్క. మా రోజుల్లో దూది పెట్టుకుంటే నవ్వేవాళ్లు. ఇప్పుడు రాత్రి ఫ్యాన్ ఆగిందంటే నా ఎడమ చెవిలో కీచురాయి మొదలవుతుంది. నీకది వద్దు తల్లీ. సంగీతం వాయించేవాళ్లు వాడే ఇయర్‌ప్లగ్స్ ఉంటాయి, అవి కొనుక్కుని బిల్లు నాకు వాట్సాప్ చెయ్యి. మీ అమ్మ సంగతి నేను చూసుకుంటాను. ఆ అయోమీ వాళ్లమ్మ కథ మాత్రం తన దగ్గర ఎత్తకు.

మావయ్య