క్యాంబెల్‌లందరూ చుట్టాలేనా?

క్యాంబెల్ అనే స్కాట్లండ్ ఇంటిపేరుతో మతంలోనూ రాజకీయాల్లోనూ ఇంతమంది కనిపిస్తారు కదా, వీళ్లంతా ఒకే కుటుంబమా, వీళ్లలో ఎవరి గురించి తెలుసుకోవాలి అని అడిగారు. మొదటి ప్రశ్నకు జవాబు చిన్నదే: కాదు. రెండోదానికి కాస్త ఓపిక పట్టాలి.

మాది కడప జిల్లా. చిన్నప్పుడు క్యాంబెల్ అంటే మనిషి పేరని నాకు తెలియదు. జమ్మలమడుగులో లండన్ మిషన్ వాళ్ల ఆసుపత్రి ఉంది. అక్కడ పనిచేసిన మిషనరీ వైద్యుడి పేరే దానికి నిలిచిపోయింది. మా అవ్వ "క్యాంబెల్‌కు వెళ్లాలిరా" అందంటే ఒంట్లో బాగాలేదని అర్థం. తరవాత ఉద్యోగం కోసం గ్లాస్గో వెళ్లి నాలుగేళ్లు ఉన్నాను. మా గదిలో పనిచేసేవాళ్లలోనే ఇద్దరు క్యాంబెల్‌లు. మీరు చుట్టాలా అని అడిగితే ఇద్దరూ నవ్వారు. అన్నట్టు, ఇంగ్లిషులో ఆ పేరు మధ్య 'ప' రాస్తారు గానీ పలకరు. అక్షరం ముక్క రాని మా అవ్వే సరిగ్గా పలికిందన్నమాట.

మనకు ఇంటిపేరూ గోత్రమూ కలిస్తే అన్నదమ్ముల వరస, సంబంధం కలుపుకోరు. అక్కడ క్యాంబెల్ అబ్బాయి క్యాంబెల్ అమ్మాయిని చేసుకుంటే ఎవరూ కిమ్మనరు. ఎందుకంటే పాతరోజుల్లో ఆ నేల మీద బతికే రైతులు, కొలువుల్లో ఉన్నవాళ్లు, రక్షణ కోరి వచ్చినవాళ్లు కూడా తెగ నాయకుడి పేరే పెట్టుకున్నారు. రక్తసంబంధం కొందరికే ఉంది, పేరు మాత్రం అందరికీ వచ్చింది. ఆ పేరైనా గొప్పదా అంటే, గేలిక్ భాషలో 'కామ్ బ్యూల్' అంటే వంకరమూతి! ఎవరో పూర్వీకుడికి ఊరు పెట్టిన ఎగతాళి పేరు రాజవంశాలతో వియ్యమందేదాకా వెళ్లింది.

వీళ్ల చరిత్ర చదివితే నాకొకటి తోచింది. రాజకీయాల్లో క్యాంబెల్‌లు చాలాసార్లు గెలిచే పక్షం వాసన ముందే పసిగట్టారు. మతంలో మాత్రం పేరు నిలిచిన క్యాంబెల్‌లు చాలావరకు సొంత చర్చితో తగవు పడినవాళ్లు, లేదా గెంటివేతకు గురైనవాళ్లు.

గ్లెన్‌కో సంగతితో మొదలుపెడతాను. ఒక శీతాకాలం మేం నలుగురం ఆ లోయ చూడటానికి వెళ్లాం, నా సహోద్యోగి క్యాంబెల్ కూడా వచ్చాడు. అక్కడి పాత సత్రంలో ఒక ఇత్తడి పలక ఉంది: తిరుగుడు వ్యాపారులకూ క్యాంబెల్‌లకూ ప్రవేశం లేదని. ఇప్పుడది వేళాకోళమే. మావాడు దాని పక్కన నిలబడి ఫొటో దిగాడు. కానీ కథ వేళాకోళం కాదు. 1692లో క్యాంబెల్ ఆఫ్ గ్లెన్‌లయన్ అనే కెప్టెన్ సైనికులతో వచ్చి ఆ లోయలోని మెక్‌డొనాల్డ్ తెగవాళ్ల ఇళ్లలో పన్నెండు రోజులు అతిథిగా తిన్నాడు, పేకాట ఆడాడు. ఫిబ్రవరి 13 తెల్లవారుజామున అదే ఇళ్లలో 38 మందిని చంపించాడు. మంచులో పారిపోయి చనిపోయినవాళ్లు వేరే. ఆజ్ఞ ప్రభుత్వానిది, వెనక ఉన్న మంత్రి పేరు డాల్‌రింపుల్. పైగా గడువు దాటి వచ్చిన మెక్‌డొనాల్డ్ పెద్ద చేత రాజభక్తి ప్రమాణం చేయించుకుని, కాపాడాలని చూసిన షెరీఫ్ కూడా ఒక క్యాంబెలే. అది ఎవరికీ గుర్తులేదు. తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టినవాడి పేరే మిగిలింది.

మతమూ రాజకీయమూ ఒకే మెడ మీద కలిసింది ఆర్గైల్ మార్క్వెస్ (ఒక ప్రభు బిరుదు) ఆర్చిబాల్డ్ క్యాంబెల్ విషయంలో. చర్చి మీద రాజుకూ బిషప్పులకూ పెత్తనం వద్దన్న నిబంధనవాదులకు ఆయన నాయకుడు. 1651 జనవరి 1న స్కోన్‌లో రెండో చార్లెస్ తల మీద కిరీటం పెట్టింది ఆయన చేతులే. ఆ రాజే పదేళ్లకు ఆయన తల తీయించాడు. తల తీసిన యంత్రం ఎడిన్‌బరో మ్యూజియంలో ఉంది. దాన్ని 'మెయిడెన్' అంటారు, అంటే కన్య. రెండు నిలువు చెక్కల మధ్య సీసపు బరువుతో దిగే కత్తి. దాని ముందు నిలబడితే నాకు తెలియకుండానే చెయ్యి మెడ మీదికి వెళ్లింది. 1685లో ఆయన కొడుకూ దాని కిందే పోయాడు. దగ్గరలోని సెయింట్ జైల్స్ చర్చిలో ఒకవైపు ఆర్గైల్ స్మారకం, ఎదుటివైపు ఆయన బద్ధశత్రువు మాంట్రోజ్ స్మారకం. బతికుండగా ఒకరినొకరు చూసి ఓర్వలేనివాళ్లు ఇప్పుడు రాతిరూపంలో ఎదురుబొదురుగా పడుకున్నారు.

ఈ జాబితాలో నాకు అందరికంటే ఇష్టమైనవాడు జాన్ మెక్‌లియడ్ క్యాంబెల్. గ్లాస్గోకు పడమరన రో అనే చిన్న ఊళ్లో పాస్టరు. అప్పటి స్కాట్లండ్ చర్చి సిద్ధాంతం ప్రకారం క్రీస్తు చనిపోయింది దేవుడు ముందే ఎంచుకున్న కొందరి కోసం. ఆ కొందరిలో తాము ఉన్నామో లేమో అని భయంతో కుములుతున్న సంఘస్థులను చూసి ఈయన, క్రీస్తు అందరి కోసమూ చనిపోయాడని బోధించాడు. మన చెవులకు ఇందులో తప్పేమిటో అర్థం కాదు. 1831లో చర్చి మహాసభ ఆయన్ను పదవి నుంచి తొలగించింది. ఆయన కొత్త శాఖ పెట్టలేదు, ఎవరినీ తిట్టలేదు. పాతికేళ్లు ఆలోచించి 1856లో ప్రాయశ్చిత్తం గురించి ఒక పుస్తకం రాశాడు. 1868లో గ్లాస్గో విశ్వవిద్యాలయం పిలిచి డాక్టరేటు ఇచ్చింది.

అలెగ్జాండర్ క్యాంబెల్ దారి వేరు. పుట్టింది ఐర్లండ్‌లో, 1788లో. అమెరికాలో ఉన్న తండ్రి దగ్గరికి బయలుదేరితే స్కాట్లండ్ తీరంలో ఓడ దెబ్బతింది. ఆ ఏడాది గ్లాస్గోలో చదువుకున్నాడు. వాళ్ల శాఖలో ప్రభురాత్రి భోజనానికి అర్హులని తేలినవాళ్లకు ఒక లోహపు బిళ్ల ఇచ్చేవారు. ఆయన బిళ్ల తీసుకుని, చివరి బల్లదాకా ఆగి, దాన్ని పళ్లెంలో పడేసి ఏమీ తినకుండా బయటికి నడిచాడు. అమెరికా వెళ్లాక తండ్రీకొడుకులు నడిపిన ఉద్యమం నుంచి వచ్చినవే 'చర్చెస్ ఆఫ్ క్రైస్ట్'. మన ఊళ్లలో 'క్రీస్తు సంఘము' అని బోర్డు కట్టుకున్న చాలా సంఘాల మూలం అక్కడ ఉంది. 1829లో వర్జీనియా రాజ్యాంగ సభకు కూడా ఆయన ఎన్నికయ్యాడు.

ఇక రాజకీయాలు. బ్రిటన్ ప్రధాని (1905-1908) హెన్రీ క్యాంబెల్-బ్యానర్‌మన్ అసలు ఇంటిపేరు క్యాంబెల్ ఒక్కటే. మేనమామ ఆస్తి రావాలంటే ఆయన పేరు తగిలించుకోవాలని వీలునామాలో ఉంది. అచ్చంగా మన దత్తత కథే. ఆ తోక ఆయనకు నచ్చేది కాదు, పొడి అక్షరాలతో పిలిచినా చాలనేవాడు. కెనడాకు తొలి మహిళా ప్రధాని కిమ్ క్యాంబెల్ 1993లో నాలుగు నెలలు పాలించింది. ఎన్నికల్లో ఆమె పార్టీకి మిగిలినవి రెండు సీట్లు. బ్రిటన్‌లో 2006-2007లో లిబరల్ డెమొక్రాట్ల పార్టీకి నాయకుడిగా ఉన్న మెన్జీస్ క్యాంబెల్ 1964 టోక్యో ఒలింపిక్స్‌లో పరుగెత్తినవాడు. ఆ 'మెన్జీస్' అనే పేరును స్కాట్లండ్‌లో 'మింగిస్' అంటారు. నేను ఆఫీసులో రాసినట్టే చదివి నవ్వులపాలయ్యాను.

తెలుగువాళ్లు మరిచిపోకూడని క్యాంబెల్ ఇంకొకరున్నారు. మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన అలెగ్జాండర్ డంకన్ క్యాంబెల్ 1816లో ఇంగ్లిషులో తెలుగు వ్యాకరణం ప్రచురించాడు. తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదని, తమిళ కన్నడాలతో దానికి చుట్టరికం ఉందని మద్రాసు కలెక్టరు ఎల్లిస్ రాసిన ప్రసిద్ధ వ్యాసం ఆ పుస్తకానికి ముందుమాటగానే వచ్చింది. ద్రావిడ భాషల మీద కాల్డ్వెల్ రాసిన పేరున్న పుస్తకం రావడానికి అప్పటికింకా నలభై ఏళ్లుంది.