మురికి కాలువలోంచి నల్లా పైపు వద్దు
ప్లంబర్ కొత్త నల్లా పైపును సైడు కాలువలోంచే లాగుతానంటున్నాడని రాశారు కదా, అస్సలు ఒప్పుకోకండి. మన దగ్గర నీళ్లు రోజంతా రావు. సరఫరా ఆగాక లైన్లో ప్రెషర్ పడిపోతుంది, జాయింట్‌లో సన్నటి చీలిక ఉన్నా మురుగును లోపలికి లాగేస్తుంది. నల్లాకు నేరుగా మోటారు పెడితే మరీ ఘోరం.

నీలం గీతలుండే నల్ల హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) పైపు చుట్టగా దొరుకుతుంది. కాలువ దాటే చోట జాయింట్ లేకుండా ఒకే ముక్క వేసి, దాన్ని జీఐ (జింకు పూత ఉన్న ఇనుప) పైపులో దూర్చి, కాలువ పైనుంచి తీసుకెళ్లండి. మిగతాచోట రెండడుగుల లోతు, కింద ఇసుక.

ప్లంబర్ తొందరపెట్టినా సరే, నీళ్లు వదిలి ప్రతి జాయింట్ చేత్తో తడిమి చూశాకే గుంత పూడ్పించండి. మేం చూడకుండా పూడ్చి, సిమెంటు మళ్లీ పగలగొట్టించాం! మొదట వచ్చే నీళ్లు కాసేపు బయటికి వదిలేయండి.