రెండూ ఒకేసారి మార్చకు అల్లుడూ

చిరంజీవి మేనల్లుడికి,

మామయ్య ఆశీస్సులు.

మీ రాక్ బ్యాండ్ సింగర్‌కి వీసా వచ్చిందనీ, ఎమ్మెస్‌కి అమెరికా వెళ్ళిపోతున్నాడనీ అక్క ఫోన్‌లో చెప్పింది. ఆ రాత్రే నీ మెసేజ్ కూడా వచ్చింది. కొత్త సింగర్‌ని తీసుకుంటున్నాం, పనిలో పనిగా ఈసారి సినిమా పాటల రికార్డింగ్ నడిపించే మ్యూజిక్ ప్రొడ్యూసర్ దగ్గర పెద్ద స్టూడియోలో రికార్డింగ్ పెట్టుకుందామనుకుంటున్నాం, నువ్వేమంటావు అని అడిగావు. ఫోన్‌లో చెబితే సగం విని "సరే సరే" అనేస్తావు కాబట్టి రాస్తున్నాను. సింగర్‌ని ఎలాగూ మార్చక తప్పదు, మార్చు. ప్రొడ్యూసర్ సంగతి మాత్రం ఇప్పుడు ఎత్తకు. మనిషినీ, రికార్డ్ చేసే చేతినీ ఒకేసారి మారిస్తే రేపు పాట చప్పగా వచ్చినప్పుడు తప్పు ఎక్కడుందో మీకు తెలీదు. ఒకవేళ బాగా వచ్చినా ఎవరివల్ల బాగుందో తెలీదు కాబట్టి, రెండో పాట దగ్గర మళ్ళీ మొదటికొస్తారు.

ఇది నేను దెబ్బ తిని నేర్చుకున్నదే. కాలేజీ రోజుల్లో మా బ్యాండ్ డ్రమ్మర్‌తో గొడవపడి పంపించేశాం. అదే నెలలో పాత రికార్డింగ్ గది మానేసి కొత్తాయన దగ్గరికి వెళ్ళాం. వచ్చిన క్యాసెట్ వింటే మా పాటలు మాకే పరాయివాళ్ళవిలా ఉన్నాయి. ఆరు నెలలపాటు ఆ రికార్డింగాయన్ని తిట్టుకున్నాం. చాలా ఏళ్ళ తర్వాత పాత క్యాసెట్ ఒకటి అటక మీద దొరికింది. మా పాత డ్రమ్మర్ ప్రతి దెబ్బా వెంట్రుకవాసి ఆలస్యంగా వేసేవాడు. మా పాటల బరువంతా ఆ ఆలస్యంలోనే ఉంది. పాపం, ఆ కొత్తాయన తప్పేమీ లేదు. మృదంగం మారితే కచేరీ నడకే మారుతుందని అమ్మమ్మ వెంట కచేరీలకు వెళ్ళిన నాకు ఆ మాత్రం తెలిసుండాల్సింది.

నీకు నేర్పడానికి మా క్యాసెట్ పనికిరాదు. పెద్ద బ్యాండ్లు తెలియకుండానే మనకోసం కొన్ని ప్రయోగాలు చేసి పెట్టాయి, అవి విను. మొదట ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ డీప్ పర్పుల్. 1971 డిసెంబరులో వాళ్ళు 'మెషీన్ హెడ్' ఆల్బమ్ చేయడానికి స్విట్జర్లాండ్‌లోని మాంట్రూ వెళ్ళారు. కాసినోలో రికార్డ్ చేద్దామనుకుంటే, అమెరికా సంగీతకారుడు ఫ్రాంక్ జప్పా కచేరీలో ఎవడో మంట రాకెట్ పేల్చడంతో అది కాస్తా కాలిపోయింది. చివరికి చలికాలానికి మూసేసిన గ్రాండ్ హోటల్ వరండాల్లో పరుపులు అడ్డుపెట్టుకుని వాయించారు. బయట రోలింగ్ స్టోన్స్ వాళ్ళ మొబైల్ స్టూడియో ట్రక్కు, లోపల ఇంజనీర్‌గా మార్టిన్ బర్చ్.

ఆ తర్వాత 1973 వేసవిలో గాయకుడు ఇయాన్ గిల్లన్, బేస్ గిటార్ వాయించే రోజర్ గ్లోవర్ బ్యాండ్ వదిలేశారు. వాళ్ళ స్థానంలో బట్టల షాపులో పనిచేస్తున్న డేవిడ్ కవర్‌డేల్, బేస్ వాయిస్తూ పైస్థాయిలో పాడగలిగే గ్లెన్ హ్యూస్ వచ్చారు. ఆ నవంబరులో 'బర్న్' ఆల్బమ్ రికార్డ్ చేయడానికి మళ్ళీ అదే మాంట్రూ వెళ్ళారు. ట్రక్కు అదే, ఇంజనీర్ అదే బర్చ్. మారింది ఇద్దరు మనుషులు. ఇంతకన్నా శుభ్రమైన ప్రయోగం ల్యాబ్‌లో కూడా దొరకదు.

ఆ రెండు ఆల్బమ్‌లూ ఒకే సాయంత్రం విను. గొంతు తేడా ఎవరికైనా తెలుస్తుంది, దాన్ని వదిలెయ్. బేస్ పట్టుకో. గ్లోవర్ రిఫ్ కింద, అంటే పాటలో మళ్ళీ మళ్ళీ వచ్చే గిటార్ ముక్క కింద, గోడలా నిలబడతాడు. హ్యూస్ చేతిలో అదే బేస్ నడుం తిప్పుతుంది. ఇక డ్రమ్స్ విను. ఇయాన్ పెయిస్ పాత మనిషే, కానీ కొత్త పాటల్లో వాయింపు వేరు. పక్కవాడు మారితే నువ్వూ మారతావు, నీకు తెలియకుండానే. హ్యూస్‌కి లయతో ఒళ్ళు ఊపించే ఫంక్ సంగీతం అంటే ప్రాణం. 1974లో వచ్చిన 'స్టార్మ్‌బ్రింగర్'లో ఆ రుచి బాగా ఎక్కింది. గిటారిస్టు రిచీ బ్లాక్‌మోర్‌కి అది గిట్టక 1975లో బయటికి వెళ్ళిపోయాడు. బేస్‌వాడిని మార్చామనుకుంటే రెండేళ్ళకి గిటార్‌వాడు పోయాడన్నమాట. కొత్త మనిషిని తీసుకునేటప్పుడు వాడు ఇంట్లో ఏ పాటలు వింటాడో అడగమని నేను ఎందుకు పోరుతున్నానో ఇప్పుడర్థమైందా?

ఇక ప్రొడ్యూసర్ ఒక్కడే మారితే ఏమవుతుందో తెలియాలంటే ఆస్ట్రేలియా రాక్ బ్యాండ్ ఏసీడీసీ ఆల్బమ్‌లు 'పవరేజ్', 'హైవే టు హెల్' పక్కపక్కన పెట్టుకో. 1978, 1979. ఐదుగురూ వాళ్ళే. మొదటిదానికి హ్యారీ వాండా, జార్జ్ యంగ్ ప్రొడ్యూసర్లు. ఈ జార్జ్ ఎవరో కాదు, బ్యాండ్‌లోని మాల్కమ్, యాంగస్‌లకి సొంత అన్న. రికార్డులో గదిలో నిలబడి వింటున్నట్టు ఉంటుంది, చెమట వాసన కూడా వస్తుంది. నాకు ఇప్పటికీ అదే ఇష్టం, అది వేరే సంగతి. రెండోదానికి మొదట ప్రొడ్యూసర్ ఎడ్డీ క్రేమర్‌తో మొదలుపెట్టి కుదరక, మట్ లాంగ్ అనే మరో ప్రొడ్యూసర్ దగ్గరికి వెళ్ళారు. ఆయన రిఫ్‌లు మార్చలేదు, వాయిద్యాల మధ్య చోటు చేశాడు. ఆ టైటిల్ పాటలో మొదట గిటార్ ఒక్కటే, తర్వాత డ్రమ్స్. బేస్‌ని పల్లవి దాకా దాచిపెట్టారు, అందుకే పల్లవి రాగానే నేల కదిలినట్టుంటుంది. ఆ పల్లవిని గుంపు గొంతులతో, ఎవరైనా కలిసి పాడేలా కట్టారు. అమెరికాలో ఆ ఆల్బమ్ 17వ స్థానం దాకా వెళ్ళింది.

1980 ఫిబ్రవరిలో గాయకుడు బాన్ స్కాట్ పోయాడు. వాళ్ళు అప్పుడు చేసిన పని నువ్వు బాగా గమనించు. కొత్త గాయకుడు బ్రయన్ జాన్సన్‌ని తెచ్చారు, లాంగ్‌ని కదపలేదు. జాన్సన్ ఆడిషన్‌లో ఏసీడీసీ పాటతోపాటు టీనా టర్నర్ పాట కూడా పాడాడు. బాన్‌ది కన్ను గీటుతూ కథ చెప్పే గొంతు, జాన్సన్‌ది ఇనుము మీద ఇనుము గీసినట్టుంటుంది. అనుకరించమని ఎవరూ అడగలేదు. మాటలు కూడా కొత్తవే రాయించారు. బహామాస్‌లో కొన్ని వారాల్లో రికార్డ్ చేసిన 'బ్యాక్ ఇన్ బ్లాక్' జులైలోనే బయటికొచ్చింది. ప్రపంచంలో అత్యధికంగా అమ్ముడైన ఆల్బమ్‌లలో అదొకటి.

అంత పెద్ద దెబ్బ తగిలినా అది ఏసీడీసీలాగే ఎందుకుందంటే, మాల్కమ్ రిథమ్ గిటార్ వల్ల. జనం యాంగస్ స్కూలు పిల్లాడి చెడ్డీ వేషం చూసేవారు, నడిపించింది మాత్రం వెనక నిలబడ్డ మాల్కమ్. లావు తీగలు, తీగల శబ్దాన్ని పట్టే పికప్‌లు పీకేసి ఒక్కటే ఉంచుకున్న పాత గ్రెచ్ గిటార్, యాంప్‌లో మనం అనుకునేంత డిస్టార్షన్, అంటే గరగర, ఉండేది కాదు. మీ బ్యాండ్‌లో అలాంటి వెన్నుపూస ఎవరో మీరే తేల్చుకోండి. నాకైతే మీ రెండో గిటార్ అబ్బాయే అనిపిస్తుంది, స్టేజీ మీద అసలు నోరు విప్పడు చూడు, అతను. అతను వెళ్ళిపోతానంటే అప్పుడు టెన్షన్ పడు.

"మట్ లాంగ్ లాంటి ప్రొడ్యూసర్ దొరికితే చాలు" అనుకునేవాళ్ళకి ఇంగ్లండ్ బ్యాండ్ డెఫ్ లెపర్డ్‌ని వినిపించాలి. అదే లాంగ్. 1987లో వచ్చిన 'హిస్టీరియా' ఆల్బమ్‌కి మూడేళ్ళకు పైనే పట్టింది. గిటార్ కార్డులు ఒక్కో తీగ విడివిడిగా రికార్డ్ చేసి పేర్చారు, గొంతుల మీద గొంతులు దొంతర పెట్టారు. ఏసీడీసీ దగ్గర చోటు చేసిన చెయ్యే ఇక్కడ ఇటుక మీద ఇటుక కట్టింది. డ్రమ్మర్ రిక్ అలెన్ 1984 ఆఖరి రోజు కారు ప్రమాదంలో ఎడమ చెయ్యి పోగొట్టుకున్నాడు. బ్యాండ్ అతన్ని మార్చలేదు. కాళ్ళతో కూడా వాయించగలిగేలా ఎలక్ట్రానిక్ డ్రమ్స్ చేయించుకుని వాయించాడు. ఆ ఆల్బమ్ డ్రమ్స్ మోత వేరుగా ఉండటానికి ప్రొడ్యూసర్ పద్ధతి ఎంత కారణమో, ఆ డ్రమ్మర్ నిలబడటం కూడా అంత కారణం.

రెండూ ఒకేసారి మార్చి గెలిచినవాళ్ళు లేరా అని అడుగుతావు, నాకు తెలుసు. ఉన్నారు. బ్లాక్ సబ్బత్ బ్యాండ్ 1979లో గాయకుడు ఓజీ ఆస్బోర్న్‌ని పంపించి రానీ జేమ్స్ డియోని తెచ్చింది. 1980లో 'హెవెన్ అండ్ హెల్'కి పైన చెప్పిన మార్టిన్ బర్చే ప్రొడ్యూసర్. ఆ ఆల్బమ్ అద్భుతం. కానీ ఓజీ తరచు రిఫ్ వెంటే పాడేవాడు, 'ఐరన్ మ్యాన్' పాట వింటే గిటార్ ఎటు పోతే గొంతూ అటే పోతుంది. డియో రిఫ్ మీదుగా తన దారిలో పాడతాడు. దాంతో గిటారిస్టు టోనీ అయోమీ కింద వాయించే పద్ధతే మారింది. ఇందులో డియోది ఎంత, బర్చ్‌ది ఎంత అని నలభై ఏళ్ళుగా వాదించుకుంటున్నారు. మీకు అయోమీ లేడు, వాదించుకోవడానికి నలభై ఏళ్ళూ లేవు.

కాబట్టి ఇలా చెయ్యి. ఆడిషన్‌కి వచ్చినవాళ్ళ చేత మీ పాత పాటలు పాడించకు, పాడితే పాతవాడితో పోల్చడమే అవుతుంది. మాటలు లేని కొత్త రిఫ్ ఒకటి ఇచ్చి, అరగంట వదిలెయ్. రిఫ్ వెంట పోతాడా, మీదుగా పోతాడా చూడు. నచ్చితే, మొహమాటం లేకుండా అతని గొంతుకి తగ్గట్టు శృతి దించు, లేదా ఎక్కించు. గిటార్‌వాళ్ళు గొణుగుతారు, గొణగనీ. పాత పాటలు రెండు, కొత్తవి రెండు, ఇప్పటిదాకా చేసిన ఆ చిన్న స్టూడియోలోనే, అదే ఇంజనీర్‌తో, అదే మైకులతో రికార్డ్ చెయ్యి. రిహార్సల్స్ అన్నీ ఫోన్‌లో తేదీ వేసి దాచు.

ఆ తర్వాతే ప్రొడ్యూసర్. ఇరవై ఏళ్ళు సినిమా పాటలు మిక్స్ చేసినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, మా చేతికి గొంతు ముందు, తక్కినవన్నీ వెనక అనే అలవాటు ఉంటుంది. చెడ్డ అలవాటు కాదు, పెళ్ళిపందిట్లో, ఆటోలో, టీ కొట్టు దగ్గర పాట మాట వినపడాలి కదా. మీ గిటార్లు మాత్రం ఆ అలవాటు కింద నలిగిపోతాయి. ఆయన్ని ఒకసారి మీరు ప్రాక్టీస్ చేసే జామ్ రూమ్‌కి రమ్మను, కూర్చోబెట్టి మూడు పాటలు వాయించు. తర్వాత ఏం కలుపుతారని అడక్కు, ఏం తీసేస్తారని అడుగు. కీబోర్డుల గురించే మాట్లాడితే టీ ఇచ్చి పంపించెయ్. "ఆ రెండో గిటార్ కాస్త పైకి వినపడాలి" అన్నాడంటే అడ్వాన్సు ఇచ్చెయ్యి.

దసరాకి ఎలాగూ వస్తున్నావు. ఆ ఫోన్ రికార్డింగులు పట్టుకురా, పాతవాడు పాడినవి కూడా. నా పాత స్పీకర్లు ఇంకా పనిచేస్తున్నాయి, మీ అత్తయ్య గుడికి వెళ్ళినప్పుడు పెట్టుకుందాం.

ఇట్లు,
మామయ్య